మట్టాంచెరిలో 4,800 రూపాయల ఇత్తడి గొట్టం

కొచ్చికి వెళ్లి వచ్చి నెల దాటినా, మట్టాంచెరి యూదు వీధిలో నేను కొన్న ఇత్తడి గొట్టాన్ని చూసినప్పుడల్లా ఆ దుకాణదారు మీద కంటే నా మీద నాకే ఎక్కువ కోపం వస్తున్నది. అటువైపు వెళ్లేవారు మరెవరూ నాలాగా మోసపోకూడదని ఇది రాస్తున్నాను.

మాది గుంటూరు. చేబ్రోలు మండలం కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే పేరుతో యూదు ధర్మాన్ని పాటించే తెలుగు కుటుంబాలున్నాయన్న సంగతి తెలిసినప్పటి నుంచి, కొచ్చి యూదుల ఊరు చూడాలన్న కోరిక నాకుండేది. నేను, నా భార్య, మా అత్తగారు శబరి ఎక్స్‌ప్రెస్‌లో ఎర్నాకుళం టౌన్‌లో దిగాము. ప్రయాణంలో చెప్పుకోదగ్గ ఇబ్బంది ఏదీ కలగలేదు. ఫోర్ట్ కొచ్చిలో రోజుకు 2,200 రూపాయల గది శుభ్రంగానే ఉంది కాని, అక్కడి గుమాస్తా మాట విని శనివారం ఉదయమే పరదేశీ సినగాగుకు (యూదుల ప్రార్థనా మందిరానికి) బయలుదేరడం మా మొదటి తప్పు. శనివారం సబ్బాతు, అంటే యూదుల విశ్రాంతి దినం; తలుపులు మూసి ఉన్నాయి. ఆటోకు రానూ పోనూ 240 రూపాయలు, మా అత్తగారి మోకాళ్ల నొప్పి అదనం.

ఆదివారం మనిషికి 10 రూపాయల టికెట్టుతో లోపలికి వెళ్లాము. 1568లో కట్టిన ఆ మందిరంలో నేల మీది నీలి, తెలుపు చైనా పలకలు చేతితో చిత్రించినవి. ఏ రెండూ ఒకేలా ఉండవంటారు. నా భార్య అరగంట సేపు జతల కోసం వెతికి ఓడిపోయింది. మా యాత్రలో ఆమె అంత సంతోషంగా ఉన్న పూట మరొకటి లేదు.

బయటికి రాగానే నాలుగడుగుల దూరంలో ఆ దుకాణం. జానెడు పొడవున్న ఇత్తడి గొట్టం ఒకటి చేతికిచ్చి, "ఇది మెజూజా, యూదులు గుమ్మానికి బిగించుకునే పవిత్ర వస్తువు. ఇజ్రాయెల్ వెళ్లిపోయిన కుటుంబం వారి గుమ్మానికి వందేళ్లకు పైగా ఉన్నది. తాత నుంచి మనవడికి వచ్చినది" అన్నాడు ఆ దుకాణదారు. ధర 7,500 చెప్పి, చివరకు 4,800కు దిగాడు. మా అత్తగారు మాత్రం గడపలోనే నిలబడి, "మా నాన్నగారి పంచపాత్ర, ఉద్ధరిణి ఎవరైనా అంగట్లో పెడితే నేనూరుకుంటానా బాబూ? దేవుడి సామాను అమ్ముకునేవాళ్లు ఉంటారా?" అన్నారు. ఆమెకు పాత వస్తువుల విలువ తెలియదని నేను మనసులో అనుకున్నాను.

మరునాడు కాక ఆ మరునాడు బస్సులో ఉత్తర పరవూరు వెళ్లాము. అక్కడి పాత సినగాగును ఇప్పుడు కేరళ యూదుల జీవనశైలి మ్యూజియంగా తీర్చిదిద్దారు. తోరా (యూదుల ధర్మగ్రంథం) చుట్టలు ఉంచే చెక్క మందసం ముందు నిలబడి, మమ్మల్ని తిప్పి చూపిస్తున్న యువకుడు అడగకుండానే, "ఇది నకలు. అసలుది జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉంది" అన్నాడు. ఆ నిజాయితీ చూసి నాకు ధైర్యం వచ్చి, సంచిలోని గొట్టం తీసి అతనికి చూపించాను. అతను దాని మూత తిప్పి, లోపలి చుట్టను విప్పి, ఏమీ మాట్లాడకుండా నా చేతిలో పెట్టాడు. అది అచ్చు వేసిన మామూలు తెల్ల కాగితం.

అతను వివరించినది విన్నాక నేను కొన్నదేమిటో నాకు అర్థమైంది. మెజూజా అంటే గొట్టం కాదు, దానిలోని తోలు పత్రం. దాని మీద ద్వితీయోపదేశకాండము 6, 11 అధ్యాయాల్లోని భాగాలను, "ఇశ్రాయేలూ, వినుము" అన్న మాటతో మొదలుపెట్టి, శిక్షణ పొందిన లేఖకుడు చేతితో రాయాలి. మొత్తం 713 అక్షరాలు. ఒక్కటి లోపించినా అది చెల్లదు. ఏడేళ్లలో రెండుసార్లు దాన్ని విప్పి పరీక్షించుకోవాలని నియమం. పాడైపోయిన పత్రాన్ని పారేయరు, మట్టిలో పాతిపెడతారు. ప్రార్థన వేళ కప్పుకునే తల్లీత్ శాలువా సంగతీ అంతే: చాలా చోట్ల మగవారిని దానితోనే, ఒక కుచ్చు కత్తిరించి, సమాధి చేస్తారు. ఆ దుకాణంలో "తాతల నాటి శాలువాలు" గుట్టగా పోసి ఉండటం నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది.

కొచ్చి యూదు కుటుంబాల్లో నిజంగా తల్లి నుంచి కూతురికి అందిన ఆస్తుల్లో ఒకటి ఏ అంగట్లోనూ నాకు కనిపించలేదు: యూదు స్త్రీలు మలయాళ పాటలు రాసుకున్న చేతిరాత పుస్తకాలు. పెళ్లిళ్లలో, పండుగల్లో వాటిని చూసి పాడేవారట. 1950ల్లో ఎక్కువమంది ఇజ్రాయెల్‌కు వలస వెళ్లినప్పుడు ఆ పుస్తకాలూ వారి వెంట వెళ్లాయి.

పరవూరు దగ్గరి చేందమంగలం సినగాగు ముంగిట 1269 నాటి హీబ్రూ సమాధి రాయి ఉంది; "సారా, ఇజ్రాయెల్ కుమార్తె" అన్న పేరు దానిపై చెక్కి ఉంటుంది. పరవూరు దాకా వెళ్లినవారు దాన్ని వదిలిపెట్టకండి. పరవూరు బస్టాండు దగ్గర 70 రూపాయలకు తిన్న అప్పం, శనగల కూర మా అత్తగారి కోపాన్ని కాస్త తగ్గించాయి.

కొనాలనుకునేవారికి ఒక మాట. 1972 నాటి చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన పురావస్తువులు అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి. "వందేళ్లది" అన్న మాట వినగానే లైసెన్సు చూపించమనండి, బిల్లులోనూ ఆ మాటే రాయమనండి. నా బిల్లులో ఉన్నది "ఇత్తడి హస్తకళా వస్తువు" అని మాత్రమే. నేను దాన్ని పరవూరు నుంచి తిరిగి వచ్చాక గాని చదవలేదు.

చివరి సాయంత్రం దుకాణానికి మళ్లీ వెళ్లాము. డబ్బు తిరిగి ఇచ్చేది లేదన్నాడు. కావాలంటే మరో 1,200 చేర్చి, మరొక కుటుంబం వారి వెండి కిద్దుష్ గిన్నె (సబ్బాతు ప్రార్థనలో ద్రాక్షారసం పోసుకునేది) తీసుకొమ్మన్నాడు. అప్పటిదాకా గడప దాటని మా అత్తగారు లోపలికి వచ్చి, "ఆ కుటుంబం ఇంటిపేరేమిటి నాయనా?" అని అడిగారు. నా భార్య ఆ మాటను హిందీలో చెప్పింది. అతను గిన్నెను తిరగేసి, అడుగున అంటించిన ధర చీటీ వైపు చూశాడు.