డానర్ పాస్‌లో రాతి గోడ, నెవాడా మోటెల్‌లో 150 డాలర్లు

నాన్న గుంతకల్లు రైల్వే డివిజన్‌లో ముప్పై నాలుగేళ్లు పట్టాల మీద పని చేశారు. గ్యాంగ్‌మన్‌గా చేరి మేట్‌గా రిటైరయ్యారు. మా దగ్గరికి వచ్చిన నెల రోజుల్లో బ్రిడ్జీలు, బీచ్‌లు, మాల్స్ అన్నీ తిప్పాం కానీ ఆయన దేని గురించీ పెద్దగా మాట్లాడలేదు. అందుకే లేబర్ డే సెలవులకు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి యూటాలోని ప్రొమాంటరీ సమ్మిట్‌కు కారులో బయల్దేరాం. అమెరికాను అటు నుంచి ఇటు కలిపిన తొలి రైలు మార్గంలో, తూర్పు నుంచి వచ్చిన యూనియన్ పసిఫిక్ కంపెనీ పట్టాలు, శాక్రమెంటో నుంచి వచ్చిన సెంట్రల్ పసిఫిక్ కంపెనీ పట్టాలు 1869 మే 10న కలిసింది అక్కడే.

మొదటి మజిలీ శాక్రమెంటోలోని రైల్‌రోడ్ మ్యూజియం. మేం వెళ్లినప్పుడు పెద్దవాళ్లకు టికెట్ 12 డాలర్లు. ఆ డబ్బుకు పూర్తిగా తగిన చోటు. నడుస్తున్న రైలులా ఊగే పాత స్లీపర్ బోగీ దగ్గర మా పాప మూడుసార్లు క్యూలో నిలబడింది. నాన్న మాత్రం పళ్లు రవాణా చేసిన ఐసు పెట్టె బోగీ దగ్గర ఆగిపోయారు. కాలిఫోర్నియా తోటల పళ్లు తూర్పు నగరాల దాకా వెళ్లింది అలాంటి బోగీల్లోనే. పట్టాలు అమెరికాలో తయారైనవే వాడాలని ఈ రైలు మార్గం కోసం చేసిన 1862 చట్టంలోనే రాశారట. కాలిఫోర్నియాలో అప్పటికి పట్టాలు తయారు చేసే మిల్లులు లేవు. పట్టాలు, ఇంజన్లు తూర్పు తీరంలో ఓడకెక్కి, దక్షిణ అమెరికా కొసను చుట్టి ఇక్కడికి చేరేవి. ఆర్డర్లన్నీ ఆ తూర్పు మిల్లులకే వెళ్లాయి. ఇక్కడ రెండు గంటలు చాలనుకోకండి, నాలుగు పెట్టుకోండి.

అక్కడి నుంచి సియెర్రా నెవాడా కొండల్లోని కనుమ, డానర్ పాస్. హైవే వదిలేసి పాత డానర్ పాస్ రోడ్డు పట్టుకోండి, తప్పకుండా. రోడ్డు మీద నుంచే కొండవాలులో ‘చైనా వాల్’ కనిపిస్తుంది. రెండు సొరంగాల మధ్య లోయను పూడ్చి దాని మీద పట్టాలు వేయడానికి చైనా కూలీలు కట్టిన రాతి గోడ అది. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి పేర్చారు, అంతే. ఆ దారిలో 1993 దాకా రైళ్లు నడిచాయి. నాన్న కారు దిగి అరగంట కదల్లేదు. “రాయి రాయికీ కూర్పు చూడరా, ఒక్క చోట కూడా ఉబ్బలేదు” అన్నారు. అమ్మ చలికి శాలువా కప్పుకుని కారులోంచే పిలుస్తూ ఉంది.

ఆ పైనే సమ్మిట్ సొరంగం, 1,659 అడుగులు, అంతా గ్రానైట్. మామూలు మందుగుండుతో పని రోజుకు ఒక అడుగు దాకా సాగేది. అందుకని కొండ నడిమధ్యలో పైనుంచి బావిలా తవ్వి, రెండు కొసల నుంచీ లోపలి నుంచీ కలిపి నాలుగు వైపులా కొట్టుకుంటూ వెళ్లారు. తర్వాత అంతకన్నా గట్టిగా పేలే నైట్రోగ్లిసరిన్ వాడారు. చైనా వాళ్లకు జీతం తెల్లవాళ్ల కన్నా తక్కువ, పైగా తిండి ఖర్చు వాళ్లదే. 1867 జూన్‌లో సమాన జీతం అడుగుతూ సమ్మె చేస్తే సెంట్రల్ పసిఫిక్ కంపెనీ తిండి సరఫరా ఆపేసింది. వారానికే సమ్మె ముగిసింది. ఇది చెప్పగానే నాన్న ముఖం మారిపోయింది. చీకటి పడేదాకా కారులో ఎవరం మాట్లాడలేదు.

ఆ రాత్రి నెవాడాలో హైవే పక్క మోటెల్. ఆన్‌లైన్‌లో 94 డాలర్లు చూపించి, కౌంటర్ దగ్గర పన్నులు, ఇంకేదో ఫీజు కలిపి 121 తీసుకున్నారు. గది తలుపు తీయగానే సిగరెట్ కంపు. అమ్మకు ఆయాసం. వేరే గది అడిగితే లేదన్నాడు కౌంటర్‌లోని మనిషి, తల కూడా ఎత్తకుండా. కిటికీ తెరిచి పడుకున్నాం. తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం ఆ గదిలో తినాలనిపించక పార్కింగ్‌లో కారు డిక్కీ మీద పెట్టుకుని తిన్నాం. మూడో రోజు కార్డు మీద ఇంకో 150 డాలర్లు పడ్డాయి, గదిలో పొగ తాగారని! మా ఇంట్లో ఎవరూ సిగరెట్ ముట్టరు. నాన్న దాన్ని అవమానంగా తీసుకున్నారు. “డబ్బు పోతే పోయింది, తాగామని రాశారు చూడు” అని రెండు రోజులు అదే మాట. నేను గదిలోకి వెళ్లగానే ఫిర్యాదు చేస్తూ పంపిన మెసేజ్ ఫోన్‌లో ఉంది కాబట్టి బ్యాంకుకి అది చూపించాను. 23 రోజులకు డబ్బు తిరిగొచ్చింది. మీరు కూడా నోటిమాటతో ఆగకండి. సామాను దించకముందే గది వీడియో తీసి, రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి.

ప్రొమాంటరీలో ఎంట్రీ కారుకు 20 డాలర్లు. దగ్గరలో పెట్రోల్ బంకు లేదు, హోటల్ లేదు, బ్రిగమ్ సిటీలోనే అన్నీ చూసుకోవాలి. పట్టాలు కలిసిన రోజు ఎదురెదురుగా నిలిచిన జూపిటర్, 119 అనే రెండు ఇంజన్లకు నకళ్లు 1979 నుంచి ఇక్కడ నడుస్తున్నాయి, చాలా అందంగా ఉన్నాయి. జూపిటర్‌కు కట్టెలు, 119కి బొగ్గు. చలికాలంలో ఇంజన్లు బయట తిరగవు, వేసవిలోనే వెళ్లండి. పట్టాలు కలిసిన రోజు లాంఛనంగా పెట్టిన అసలు బంగారు మేకు ఇక్కడ లేదు, అది స్టాన్‌ఫర్డ్ మ్యూజియంలో ఉంది. దాని కోసమే ఇంత దూరం రావద్దు.

రావాల్సింది పక్కనున్న, పట్టాల కోసం పోసిన మట్టికట్టల కోసం. ప్రభుత్వం మైలుకు ఇంత అని అప్పు, భూమి ఇచ్చింది. మైదానంలో మైలుకు 16,000 డాలర్లు, కొండల్లో 48,000. దాంతో రెండు కంపెనీలూ కలవాల్సిన చోట ఆగకుండా ఒకదాన్నొకటి దాటేసి, పక్కపక్కనే కట్టలు వేసుకుంటూ పోయాయి. ఆ జంట కట్టలు ఇప్పటికీ ఉన్నాయి. అలా పంచిన భూములు అంతకు ముందు షోషోనీ లాంటి తెగలు బతికిన నేలలు. ఆ సంగతి అక్కడ ఇంకా గట్టిగా చెప్పాలి.

1869 ఏప్రిల్ 28న ఒక్క రోజులో పది మైళ్ల పట్టాలు వేశారని ఒక బోర్డు ఉంది. పట్టాలు మోసిన ఎనిమిది మంది ఐరిష్ కూలీల పేర్లు చరిత్రలో ఉన్నాయి. ఆ రోజు పనిచేసిన వేలమంది చైనా వాళ్ల పేర్లు లేవు. నాన్న పార్కు ఉద్యోగిని అడగమన్నారు, అడిగాను. ఆమె దాచకుండా లేవనే చెప్పింది. తర్వాత నాన్న చేసిన పనేమిటని తనే అడిగింది. ఆయన నేల మీద కూర్చుని పట్టాలకు అడ్డంగా వేసే స్లీపర్ దిమ్మె కింద కంకర ఎలా దట్టిస్తారో చేతులతో చూపించారు. ఆమె కూడా పక్కనే మోకాళ్ల మీద కూర్చుని చూసింది. నేను అనువాదం చేస్తూ నిలబడ్డాను.