భద్రకాళి బండ్: ఐదేళ్ల నడక తర్వాత

2020 చివర్లో నాకు షుగర్ ఉందని తేలింది. రోజూ కనీసం నలభై నిమిషాలు నడవాలన్నారు డాక్టరు. మా గల్లీలో నడుద్దామంటే కుక్కల భయం, మెయిన్ రోడ్డు మీద బండ్ల రద్దీ. అందుకని హన్మకొండలో మా ఇంటి నుంచి స్కూటీ మీద పది నిమిషాల దూరంలో ఉన్న భద్రకాళి బండ్‌కు, అంటే భద్రకాళి చెరువు కట్ట మీది పార్కుకు, వెళ్లడం మొదలుపెట్టాను. మొదటి నెల ఒక్కదాన్నే వెళ్లాను. తర్వాత అత్తమ్మ తోడొచ్చింది. ఆమె పుట్టింది, మెట్టింది పరకాల వైపు పల్లెల్లో. వాళ్లది చెరువు కింద మడి దున్నుకున్న ఇల్లు. ఈ ఐదేళ్లలో బండ్ గురించి నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆమె చెప్పిందే.

తను వచ్చిన మొదటి రోజు లాన్లు, లైట్లు, పిల్లల ఆటసామాను ఏవీ చూడలేదు. రెయిలింగ్ పట్టుకుని నీళ్ల వైపు వంగి రాళ్లు ఎట్లా పేర్చారో చూసింది. "మత్తడి ఎటు దిక్కుంది బిడ్డా?" అని అడిగింది. మత్తడి అంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే చోటు. నాకు తెలియదన్నాను. "ఇది చెరువుకట్ట. దీని మీద పార్కు పెట్టిండ్రు. చెరువుకట్టకు మత్తడి యాడుందో, తూము యాడుందో తెల్వకుంట ఎట్ల నడుస్తవ్?" అంది. తూమంటే కట్ట కింద నుంచి పొలాలకు నీళ్లు వదిలే దారి. ఆ మాట నాకు అప్పుడు పెద్దగా ఎక్కలేదు.

ఈ చెరువును కాకతీయ రాజు గణపతిదేవుడి కాలంలో తవ్వించారని చెప్తారు. ఆయన 1199 నుంచి 1262 దాకా ఏలాడు. చెరువు పక్కనున్న భద్రకాళి గుడి అంతకంటే చాలా పాతది. 625లో చాళుక్య రాజు రెండో పులకేశి కట్టించాడని స్థలపురాణం, తర్వాత కాకతీయులు అమ్మవారిని కులదేవతగా కొలిచారు. 1323లో ఓరుగల్లు పడిపోయాక గుడి కూడా పట్టించుకునేవాళ్లు లేక పాడుబడింది. మళ్లీ 1950లో బాగుచేసి పూజలు మొదలుపెట్టారు. ఇవన్నీ గైడ్లు చెప్పేవే. బండ్ మీద నిలబడి చూస్తే నాకు అర్థమైంది ఇంకోటి. చుట్టూ చూడండి, అన్నీ గుట్టలు, బండరాళ్లు. కాకతీయుల పద్ధతే అది. గుట్టల మధ్య సందు చూసి, అక్కడ మట్టికట్ట పోసి, వానకు గుట్టల మీంచి దిగే నీళ్లను ఆపేవాళ్లు. ఒక చెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువుకు పోయేది. పాకాల, రామప్ప, లక్నవరం కూడా గుట్టల నడుమ కట్టలతో నిలిచిన చెరువులే. తేడా ఒక్కటే, ఈ చెరువు చుట్టూ ఊరు పెరిగింది.

ఇప్పుడు మనం నడిచే బండ్ ఈమధ్యది. 2015లో కేంద్రం వారసత్వ నగరాల కోసం హృదయ్ పథకం తెచ్చి దేశంలో 12 ఊళ్లను ఎంచుకుంది. వాటిలో వరంగల్ ఒకటి. ఆ నిధులతోనే కట్టను వెడల్పు చేసి, నడకదారి వేసి, బెంచీలు పెట్టారు.

వెళ్లాలనుకునేవాళ్లు పొద్దున ఆరులోపు వెళ్లండి. చలికాలమైతే నీళ్ల మీద పొగమంచు గుట్టల మొదళ్లను కప్పేస్తుంది, గుడి గంట మాత్రం వినిపిస్తుంది. నీళ్లలోంచి పైకి లేచిన ఒక బండ మీద నీటికాకులు రెక్కలు చాపుకుని ఆరబెట్టుకుంటూ కదలకుండా కూర్చుంటాయి. అత్తమ్మ ఒకరోజు అక్కడే ఆగిపోయింది. "చిన్నప్పుడు మా చెరువుల గిట్లనే ఉండేటియి" అంది. ఆ రోజు నా నలభై నిమిషాలు పూర్తి కాలేదు, కానీ నాకేం బాధ అనిపించలేదు.

సాయంత్రాలు వేరే లోకం. కుటుంబాలు, కాలేజీ పిల్లలు, ఫోటోలు, మొక్కజొన్న కంకుల వాసన. చిన్నపిల్లలుంటే సాయంత్రమే బాగుంటుంది. కాకపోతే ఆరున్నర దాటితే దోమలు పీకేస్తాయి, ఓడోమాస్ రాసుకోకుండా కూర్చోలేం. దసరా నవరాత్రులప్పుడు, ఆషాఢంలో అమ్మవారిని కూరగాయలతో అలంకరించే శాకంబరి ఉత్సవాలప్పుడు బండి పెట్టుకోవడానికి జాగా దొరకదు, ఆటోలో రావడమే నయం. హంటర్ రోడ్డు మీద వన విజ్ఞాన కేంద్రం జూ, సైన్స్ సెంటర్ దగ్గరలోనే ఉన్నాయి, పిల్లలతో వస్తే ఒక పూట సరిపోతుంది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. నడకదారికి వేసిన రాళ్లు గట్టివి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అంచున మట్టి ఉన్నచోట నడవడమే మేలు. మంచి మెత్తని బూట్లు కొన్నాకే నా మడమ నొప్పి తగ్గింది. కొన్ని లైట్లు నెలల తరబడి వెలగవు. బాత్రూములు పొద్దున శుభ్రంగా ఉంటాయి, సాయంత్రానికి వెళ్లలేం. గుర్రపుడెక్క పెరిగిన రోజుల్లో నీళ్ల అంచు పచ్చగా కనిపిస్తుంది గానీ దగ్గరికి వెళ్తే వాసన. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు ఆ వాసన ఇంకా ఎక్కువ.

అత్తమ్మ మొదటి రోజు అడిగిన ప్రశ్న నాకు 2023 జూలైలో అర్థమైంది. ఆ నెలాఖరు వానలు వరంగల్‌లో ఎవరూ మర్చిపోరు. నీళ్లు కట్ట అంచుదాకా వచ్చాయని విని మేం గేటు దాకా వెళ్తే లోపలికి పోనివ్వలేదు. ఆ తర్వాత పోతన నగర్ వైపు కట్ట తెగింది. దిగువ కాలనీల్లోవాళ్లను ఇళ్లు ఖాళీ చేయించారు. ఇసుక బస్తాలు వేసేదాకా ఊరంతా టెన్షన్. మా దోస్తు ఒకామె ఇల్లు అటువైపే. రాత్రి మా ఇంటికి వచ్చి పడుకుంది, బట్టలు కూడా తెచ్చుకోలేదు. అత్తమ్మ ఆమెకు చాయ్ ఇచ్చి, "నీళ్లకు తొవ్వ లేకుంటే కట్టను తొవ్వ చేసుకుంటయ్" అంది. అప్పటినుంచి నేను బండ్ మీద ఎప్పుడు నడిచినా నీళ్లు ఎంత మట్టానికి ఉన్నాయో చూస్తాను. కట్ట వాలులో చెట్టు మొలిస్తే అత్తమ్మ ఊరుకోదు. వేర్లు లోపలికి దిగితే, ఆ చెట్టు చచ్చి వేరు కుళ్లాక ఆ బొక్కలోంచే నీళ్లు ఊరుతాయట. లాన్ల మీద పెట్టే శ్రద్ధ ఈ వాలు మీద కూడా పెట్టాలని నా కోరిక.

2024 నవంబర్‌లో పూడిక తీయడానికి చెరువు నీళ్లన్నీ వదిలేశారు. తర్వాత నెలల పాటు బండ్ మీద నుంచి చూస్తే ఎండి పగుళ్లిచ్చిన నల్లమట్టి. చాలామంది వాకర్లు రావడం మానేశారు. మేం మానలేదు. నీళ్లున్నప్పుడు కనిపించనివన్నీ అప్పుడే కనిపించాయి. గాజులు, కొబ్బరి చిప్పలు, ప్లాస్టిక్ కవర్లు, విగ్రహాల లోపలి ఇనుప చువ్వలు. ఒకరోజు అంచున పడి ఉన్న మట్టిపెళ్లను అత్తమ్మ తీసుకుని వేళ్ల మధ్య నలిపింది. పిండిలా మెత్తగా రాలింది. "గిది పొలంల పోస్తే రెండు పంటలు ఎరువు మందు అక్కర్లే" అని చీరకొంగుకు చెయ్యి తుడుచుకుంది. ఇంటికొచ్చాక మా డాబా మీది తులసి కుండీలో ఆ మట్టే వేసింది.

ఈమధ్య ఆమె మోకాళ్లు మొండికేస్తున్నాయి. గేటు నుంచి మొదటి బెంచీ దాకా నడిచి అక్కడ కూర్చుంటుంది, నేను చివరిదాకా వెళ్లి వచ్చేలోపు తనకు తెలిసినవాళ్లు నలుగురు పక్కన చేరుతారు. పెద్దవాళ్లను తీసుకొస్తే ఆ బెంచీ పట్టుకోండి, ఏడు దాటితే ఎండ నేరుగా మొహం మీద పడుతుంది.