ఓపెన్ కిచెనా, తలుపులున్న వంటిల్లా: గుంటూరు తిరగమోతకు ఏది మేలు?

మా తమ్ముడు గుంటూరు విద్యానగర్‌లో ఇల్లు కట్టుకుంటున్నాడు. శ్లాబు పడింది, గోడలు లేస్తున్నాయి, వంటింటి దగ్గరికి వచ్చేసరికి పని ఆగింది. డిజైనర్ మూడు ప్లాన్లు ఇచ్చాడు. హాలు, డైనింగ్, వంటిల్లు కలిపేసి మధ్యలో పెద్ద ఐలాండ్, అంటే గోడకు ఆనకుండా విడిగా ఉండే గట్టు, పెట్టడం ఒకటి. నాలుగు గోడల మధ్య వంటిల్లు రెండోది. ముందు అందమైన కిచెన్ ఒకటి చూపించి, అసలు వంటను వెనక యుటిలిటీలోకి, అంటే బట్టలు ఉతుక్కునే చిన్న గదిలోకి, పంపడం మూడోది. మా మరదలు ఫోన్ చేసి ఒకటే అడిగింది. "వదినా, విజయవాడలో మీరు ఏడేళ్లుగా ఓపెన్ కిచెన్‌లో వండుతున్నారు. నిజం చెప్పండి, మళ్లీ కట్టుకుంటే అదే కట్టుకుంటారా?"

అలాగే మాత్రం కట్టుకోను. ఎందుకో చెప్పేముందు ఓపెన్ కిచెన్ నాకు ఏమిచ్చిందో చెప్పాలి.

మా అమ్మ వంటిల్లు ఇంటి వెనక ఉండేది. చిన్న కిటికీ, పైన మసిబారిన గోడ. పండగ రోజున అందరూ ముందు గదిలో కబుర్లు చెప్పుకుంటుంటే అమ్మ ఒక్కతే గారెలు వేస్తూ ఉండేది. ఎవరో ఏదో జోక్ వేస్తే నవ్వు వినపడేది గానీ మాట వినపడేది కాదు. పటమటలో ఫ్లాట్ తీసుకున్నప్పుడు నేను ఓపెన్ కిచెన్ అడిగింది అందుకే. దోసెలు పోస్తూ పిల్లల చేత ఎక్కాలు చెప్పించాను. చుట్టాలొస్తే గట్టుకు అటువైపు కూర్చుని చిక్కుళ్లు ఒలిచిపెట్టారు. ఈ సుఖాన్ని వదులుకోమని నేను ఎవరికీ చెప్పలేను.

కానీ మన వంట వేరు. ఎండుమిరపకాయలు నూనెలో పడగానే వచ్చే ఘాటు సంగతి గుంటూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. కందిపొడికి మిరపకాయలు వేయించిన రోజు మా మామగారు హాల్లో దగ్గలేక బాల్కనీలోకి వెళ్లిపోయేవారు. రెండేళ్లు గడిచేసరికి హాలు ఫ్యాను రెక్కల మీద జిడ్డు పేరుకుంది. సోఫా గుడ్డకు చేపల పులుసు వాసన పట్టి, ఎంత ఉతికినా పోలేదు.

చిమ్నీ ఉంది కదా అంటారు. ఒక చిన్న లెక్క చూడండి. 10 అడుగులు, 12 అడుగుల వంటిల్లు, 10 అడుగుల ఎత్తు. అందులో గాలి సుమారు 34 ఘనపు మీటర్లు. గంటకు 1,000 ఘనపు మీటర్లు లాగే చిమ్నీ ఆ గదిలోని గాలిని, కాగితం మీద లెక్క ప్రకారం, రెండు నిమిషాల్లో బయటికి పంపేయగలదు. దానికి 20 అడుగులు, 15 అడుగుల హాలు కలిపితే గాలి దాదాపు 120 ఘనపు మీటర్లు అవుతుంది. చిమ్నీ అదే, దాని మీద పని మూడున్నర రెట్లు. పైగా హాల్లో ఫ్యాను తిరుగుతుంటే పొగ చిమ్నీ దాకా చేరకముందే చెదిరిపోతుంది. మన ఎండల్లో ఫ్యాను ఆపి వండగలమా?

ఐలాండ్ మీద పొయ్యి పెట్టే ఫ్యాషన్ అన్నిటికన్నా కష్టం. గోడ ఆసరా ఉండదు కాబట్టి పొగ నాలుగు వైపులా పోతుంది, నూనె చిటపటలు అటు కూర్చున్నవాళ్ల మీద పడతాయి. చోటు కూడా చూసుకోవాలి. గోడ పక్కన 2 అడుగుల గట్టు, మనిషి తిరగడానికి 3.5 అడుగులు, ఐలాండ్ 3 అడుగులు, అటువైపు మళ్లీ 3.5 అడుగులు. మొత్తం 12 అడుగుల వెడల్పు లేకపోతే ఐలాండ్ రోజూ నడుముకు తగులుతూనే ఉంటుంది.

మరి నాలుగు గోడల వంటిల్లు మేలా? పొగ విషయంలో మేలే, మనిషి విషయంలో కాదు. మే నెలలో బయట 44, 45 డిగ్రీల ఎండ కాస్తుంటే, మూసిన గదిలో రెండు పొయ్యిల ముందు నిలబడటం శిక్ష. మా అమ్మ పడ్డది చాలు.

మూడో ప్లాన్ గురించి మా తమ్ముడితో గట్టిగానే మాట్లాడాను. షో కిచెన్, వెనక వంటగది అనే పద్ధతి ఇప్పుడు పెద్ద విల్లాల్లో బాగా నడుస్తోంది. విదేశాల్లో కూడా ముందు కిచెన్ శుభ్రంగా కనపడాలని వెనక ఇంకోటి కట్టుకుంటున్నారు. పెద్ద స్థలం ఉండి, వెనక గది కూడా విశాలంగా, గాలి వచ్చేలా కడితే అభ్యంతరం లేదు. డిజైనర్ గీసింది అది కాదు. ముందు కిచెన్‌కు ఖరీదైన రాయి, ఇత్తడి కుళాయిలు, కాఫీ మెషిన్. వెనక 5 అడుగుల యుటిలిటీలో వాషింగ్ మెషిన్ పక్కన పొయ్యి. రోజుకు నాలుగైదు గంటలు నిలబడేది మా మరదలో, వంటమనిషో. లక్షలన్నీ ఎవరూ వండని చోట పోసి, వండే మనిషిని ఆ సందులోకి తోసేస్తే దాన్ని లగ్జరీ అనడానికి నాకు నోరు రాదు.

నేను చెప్పింది ఇది. వంటిల్లు పెద్దదిగా కట్టండి, డైనింగ్ వైపు గోడ బదులు ఆరడుగుల స్లైడింగ్ గాజు తలుపులు పెట్టండి. తిరగమోత వేసేటప్పుడు మూసుకోవచ్చు, మిగతా సమయమంతా తెరిచే ఉంచుకోవచ్చు. గాజు టఫెన్డ్‌ది (తొందరగా పగలకుండా గట్టిపరచినది), సాదాది తీసుకోండి. ఇప్పుడు అందరూ పెట్టిస్తున్న గీతల గాజు అందంగానే ఉంటుంది గానీ దానిలోంచి మనుషులు మసకగా కనపడతారు, మనకు కావలసింది ఒకరికొకరు కనపడటం. తలుపులు పైనుంచి వేలాడే పట్టాలవైతే మంచిది, కింద పట్టాల్లో చెత్త చేరితే రోజూ గీరుకోవాలి. తలుపులు మూసినప్పుడు కిటికీ కాస్త తెరిచి ఉంచాలి. లోపలికి గాలి రాకపోతే చిమ్నీ బయటికి లాగలేదు.

ఒక్క సంగతి. మనవాళ్లు ఆగ్నేయంలో వంటిల్లు, తూర్పుకు తిరిగి వంట అంటారు. అప్పుడు పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి వీపే హాలు వైపు ఉంటుంది, ఎంత ఓపెన్ కిచెన్ అయినా సరే. కాబట్టి కూరలు తరిగే గట్టు గాజు తలుపుల వైపు పెట్టించండి. వంటలో సగం పని అక్కడే, కబుర్లూ అక్కడే.

తర్వాత గట్టు మీద రాయి. షోరూముల్లో ఇప్పుడు తెల్లటి క్వార్ట్జ్‌దే రాజ్యం. అది రాతిపొడిని రెజిన్ అనే ప్లాస్టిక్ లాంటి జిగురుతో కలిపి ఫ్యాక్టరీలో చేసిన పలక, సుమారు 90 శాతం క్వార్ట్జ్ ఉంటుంది. నీళ్లు పీల్చదు, ఒకే రంగులో వస్తుంది, నిజంగా అందమైనది. బలహీనత ఆ రెజినే. పొయ్యి మీద నుంచి దించిన మూకుడు నేరుగా పెడితే మచ్చ పడుతుంది, ఆ మచ్చ పోదు. లేత రంగు మీద పసుపు వెంటనే తుడవకపోతే చాయ మిగులుతుంది. గ్రానైట్‌కు వేడి భయం లేదు. లేత రంగు గ్రానైట్ నూనె పీలుస్తుంది, అప్పుడప్పుడూ సీలర్ (నూనె ఇంకకుండా వేసే పూత) వేయించాలి. ముదురు రంగుకు ఆ బెడద తక్కువ.

మనకు ఒంగోలు పక్కన చీమకుర్తిలోనే గెలాక్సీ గ్రానైట్ దొరుకుతుంది. నల్లటి రాయిలో బంగారు చుక్కలు, ఆ మెరుపు అందులోని బ్రాంజైట్ అనే ఖనిజానిది. ప్రపంచమంతా ఓడల్లో తెప్పించుకునే రాయిని మనం పాత ఫ్యాషన్ అని పక్కన పెట్టడం నాకు బాధగా ఉంటుంది. క్వార్ట్జ్ పలకలు కోసేటప్పుడు లేచే సిలికా ధూళి వల్ల కార్మికులకు ఊపిరితిత్తుల జబ్బు వస్తోందని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి వాటిని నిషేధించింది కూడా. ఇంట్లో వాడేవాళ్లకు ఆ ప్రమాదం లేదు. కానీ ఏ రాయైనా మీ ఇంట్లో కోయిస్తుంటే నీళ్లు పోస్తూ కోయమనండి, కోసే అబ్బాయికి మంచి మాస్కు ఇప్పించండి.

మా మరదలికి తెల్లరాయి మీద మనసుంది. అందుకే పొయ్యి గట్టుకు గెలాక్సీ, గాజు తలుపుల వైపు గట్టుకు క్వార్ట్జ్ అనుకున్నాం. ఇటాలియన్ మార్బుల్ మాత్రం వద్దన్నాను. నిమ్మరసం, చింతపండు పులుసు పడిన చోటల్లా దాని మెరుపు చచ్చిపోతుంది.

అరల విషయంలో పైమెరుగు కన్నా లోపలి చెక్క ముఖ్యం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు మా బంధువుల ఇంట్లో పార్టికల్ బోర్డు (చెక్కపొట్టును జిగురుతో అతికించి చేసేది) అరలు అట్టల్లా ఉబ్బి ఊడిపోయాయి. వరద దాకా ఎందుకు, మనం నేల కడిగే పద్ధతికే అవి నిలవవు. సింకు కింద, నేలకు దగ్గరగా ఉండే అరలకు నీటికి తట్టుకునే రకమని చెప్పే ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ గానీ, సులువుగా తుప్పు పట్టని 304 గ్రేడు స్టీలు గానీ పెట్టించుకోవాలి. పైమెరుగుకు తళతళలాడే అక్రిలిక్ కన్నా మెరుపు లేని మ్యాట్ లామినేట్ నయం, గీతలూ వేలిముద్రలూ తక్కువ కనపడతాయి. హ్యాండిల్స్ లేని షట్టర్లు (అరల తలుపులు) ఫొటోల్లో బాగుంటాయి, వేళ్లు పెట్టే ఆ గాడిలో పిండీ నూనే చేరతాయి. పిండి చేత్తో తెరవాలంటే మామూలు హ్యాండిలే హాయి.

రంగుల గురించి పెద్దగా చెప్పను. తెలుపు, బూడిద పోయి గోధుమ, ఆలివ్ పచ్చ, చెక్క చారలు వచ్చాయి. ఏటా ఒక రంగును ఆ ఏటి రంగుగా ప్రకటించే పాంటోన్ సంస్థ కూడా 2025కు గోధుమ రంగునే ఎంచుకుంది. ఈ మార్పు మన వంటిళ్లకు కలిసొచ్చేదే, కాఫీ రంగు షట్టర్ మీద పోపు మరక అంత తొందరగా కనపడదు.

నిన్న సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. మూడో ప్లాన్ పక్కన పెట్టారట. మేస్త్రీ తూర్పు గోడ లేపేలోపు చిమ్నీ గొట్టానికి 6 అంగుళాల రంధ్రం పొయ్యికి సూటిగా పైన వదలమన్నాను. మా ఫ్లాట్‌లో అది తర్వాత గుర్తొచ్చి, గొట్టం రెండు వంపులు తిరిగి వెళ్లింది. ఒక్కో వంపుకూ లాగే బలం తగ్గుతుంది. గోడ ఈ గురువారం లేస్తుందట, మా మరదలు సుద్దముక్కతో గుర్తు పెట్టి వచ్చింది.