సింగపూరా, అబుదాబీనా: మొదటిసారి వెళ్లేవాళ్లకి ఏది మేలు?

2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ (కరెంటు కార్ల) రేసు చూసినప్పటి నుంచి మా బావది ఒకటే పట్టు, ఈసారి ఫార్ములా వన్‌కే పోదామని. గ్రేటర్ నోయిడాలో ఆ రేసు 2013తోనే ఆగిపోయింది. శంషాబాద్‌లో విమానం ఎక్కితే నాలుగైదు గంటల్లో దిగే ఊళ్లలో మా ఇంట్లో వాదన రెండింటి దగ్గర ఆగింది.

బావది సింగపూర్ పక్షం. ఫార్ములా వన్‌లో మొదటి రాత్రి రేసు 2008లో అక్కడే జరిగింది. ఊరి రోడ్లే ట్రాక్, గోడలు పక్కనే. కాస్త తప్పితే కారు గోడకే. ప్రమాదమైతే మిగతా కార్ల జోరు తగ్గించడానికి వచ్చే సేఫ్టీ కారు బయటికి రాకుండా అక్కడ రేసు ముగియడం 2024లోనే మొదటిసారి. మధ్యాహ్నం లిటిల్ ఇండియాలో భోంచేసి, మెట్రో దిగి నడుచుకుంటూ వెళ్లొచ్చు. రేసయ్యేసరికి రాత్రి పది దాటుతుంది, పిల్లలు నిద్రకి ఆగరని అక్క బెంగ. కానీ అక్కడ పదంటే మనకి ఏడున్నరే!

దసరా సెలవులకి దగ్గరగా పడటం ఇంకో సుఖం. విమానం టికెట్లు కూడా అప్పుడే మండిపోతాయనుకోండి. రేసు వారంలో ట్రాక్ చుట్టుపక్కల హోటళ్ల ధరలు చూస్తే గుండె ఝల్లుమంటుంది. ఉక్కపోత సరేసరి. 2022లో వాన వల్ల రేసు గంటకు పైగా ఆలస్యమైంది.

అసలు చిక్కు సీటుతో. అక్కడ చవకైన వాక్‌అబౌట్ టికెట్‌కి సీటుండదు, కంచె దగ్గర నిలబడాలి. ఆ సంగతి నాకు హుస్సేన్‌సాగర్ దగ్గరే తెలిసొచ్చింది. కంచె పక్కన నిలబడితే కారు రెప్పపాటులో వెళ్లిపోతుంది, ఎవరు ముందున్నారో పక్కవాణ్ణి అడగాలి. ఎక్కడికెళ్లినా పెద్ద స్క్రీన్ కనిపించే సీటే కొనండి, కావాలంటే ఓ రాత్రి హోటల్ తగ్గించుకోండి.

అబుదాబిలో యాస్ మరీనా ట్రాక్ మీద రేసు డిసెంబరులో, మామూలుగా సీజన్‌లో చివరిది. ఎండ ఉండగా మొదలై దీపాల వెలుగులో ముగుస్తుంది. సీజన్ టైటిల్ ఎవరిదో అక్కడిదాకా తేలకపోతే పండగే. 2021లో చివరి ల్యాప్‌లో (చుట్టులో) డ్రైవర్ వెర్‌స్టాపెన్ తన పోటీదారు హామిల్టన్‌ని దాటి టైటిల్ కొట్టాడు. ముందే తేలిపోతే మాత్రం కాస్త చప్పగా ఉంటుంది. చవక టికెట్ వాళ్లు అబుదాబి హిల్ అనే గడ్డి దిబ్బ మీద కూర్చోవచ్చు. మూడు రోజులూ కార్లే చూడలేని పిల్లలకి పక్కనే ఫెరారీ వరల్డ్ అనే థీమ్ పార్కు ఉంది. కాకపోతే అప్పుడు బడికి సెలవులుండవు.

దుబాయ్‌లో బంధువులు లేని ఇల్లు మన దగ్గర తక్కువే కదా. అక్కడి నుంచి యాస్‌కి కారులో గంట పైచిలుకు, హోటల్ ఖర్చు మిగిలినట్టే. వీసా రెండు చోట్లకీ కావాలి.

బావ ఒక్కడే, లేదా స్నేహితులతో వెళ్తే సింగపూరే మేలంటాను. పిల్లలతో, అమ్మతో అయితే నా ఓటు అబుదాబికే. బావ ఇంకా ఒప్పుకోలేదు గానీ, అక్క అప్పుడే దుబాయ్‌లో ఉన్న పిన్నికి ఫోన్ చేసేసింది.