చిన్న యుటిలిటీలోకి ఫ్రంట్ లోడ్ మెషిన్ కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఒకసారి ఇది చదవండి

వంటింటి వెనక చిన్న యుటిలిటీ ఉన్న ఫ్లాట్‌లోకి కొత్త వాషింగ్ మెషిన్ కొనబోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. షోరూమ్‌లో "ఫిట్ అయిపోతుంది మేడమ్, మావాళ్లు వచ్చి సెట్ చేస్తారు" అన్న మాట మీద మాత్రం డబ్బు కట్టకండి. సెట్ చేయడానికి వచ్చే మనిషి వేరు, అమ్మే మనిషి వేరు. రేపు రిపేరుకు వచ్చి "మీ ఇన్‌స్టాలేషన్ సరిగ్గా లేదు, వారంటీ వర్తించదు" అనే మనిషి ఇంకా వేరు.

మాది హైదరాబాద్‌లో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. యుటిలిటీలో వెనక గోడ నుంచి వంటింటి తలుపు తిరిగే చోటు వరకు 25 అంగుళాలు ఉంది. కొలిచి, కాగితం మీద రాసి, షోరూమ్‌లో చూపించాం. ఎనిమిది కేజీల మెషిన్ చూపించి, లోతు 56 సెంటీమీటర్లే, అంటే 22 అంగుళాలు, ఇంకా మూడు అంగుళాలు మిగులుతుందన్నారు. ఆ 56 అన్నది ఉత్త బాడీ లెక్క. ముందు గుండ్రంగా ఉబ్బి ఉండే డోరు అందులో లేదు. వెనక నీళ్ల పైపు బిగించే మూతి, డ్రైన్ పైపు వంగడానికి కావలసిన చోటు అసలే లేవు. డోరుకు ఒక నాలుగు, వెనక పైపులకు ఏడెనిమిది సెంటీమీటర్లు కలిపితే 67 దాటుతుంది. 26 అంగుళాల పైమాటే.

ఇన్‌స్టాలేషన్‌కు వచ్చిన కుర్రాడు మెషిన్ పెట్టగానే తలుపు తగిలింది. దాంతో మెషిన్‌ను గోడకు ఆనించి నెట్టేశాడు. నీళ్లు పట్టే పైపు వెనక మడత పడింది. పైగా యుటిలిటీలో నీళ్లు నిలవకుండా నేలకు వాటం ఇస్తారు కదా, మెషిన్ ఒక మూలకు ఒరిగింది. దానికి మందుగా చక్రాల స్టాండ్ ఒకటి తీశాడు. పద్దెనిమిది వందలు, సర్వీస్ సెంటర్ పేరుతో బిల్లు. అదే మెషిన్ మాన్యువల్‌లో, గట్టిగా, చదునుగా ఉన్న నేల మీదే పెట్టాలి, చక్రాలున్న స్టాండ్ వాడకూడదు అని బొమ్మ వేసి మరీ చెప్పారు. అది అమ్మిన మనిషికే తెలియదో, తెలిసీ అమ్మాడో!

వారంటీ ఇంకా ఉండగానే, బట్టలు పిండే డ్రై స్పిన్‌లో బోరు మోటారులా మోత మొదలైంది. కంప్లయింట్ ఇస్తే టెక్నీషియన్ వచ్చి వెనక రేకు విప్పాడు. డ్రమ్మును తిప్పే చక్రం (పుల్లీ) కింద నుంచి, నీళ్లు నిలిచే బయటి టబ్ మీదుగా తుప్పు రంగు చార ఒకటి కిందికి కారి ఎండిపోయి ఉంది. నీళ్లు బయటికి రాకుండా ఆపే రబ్బరు సీల్ పోయి, డ్రమ్ము ఇరుసు తిరిగే బేరింగ్‌లోకి నీళ్లు దిగితే పడే చార అది. బేరింగ్ ఒక్కటే మార్చమంటే కుదరదన్నాడు. ఈ మోడల్‌లో బయటి ప్లాస్టిక్ టబ్‌ను రెండు ముక్కలుగా చేసి అతికించేస్తారు, బోల్టులు ఉండవు, విప్పడానికి లేదు. డ్రమ్ముతో సహా మొత్తం మార్చాలి. ఖర్చు కొత్త మెషిన్ ధరలో సగానికి దగ్గర. ఇక జాబ్ షీట్ (రిపేరు వివరాలు రాసిచ్చే కాగితం) మీద అతను రాసిన మాట చూసి ఒళ్లు మండిపోయింది: "స్టాండ్ వల్ల, నేల ఎగుడుదిగుడు వల్ల డ్యామేజీ. వారంటీ లేదు." ఆ స్టాండ్ వాళ్లు అమ్మిందే!

మెషిన్ ముందు అతికించిన పెద్ద స్టిక్కర్ గురించి కూడా చెప్పాలి. పదేళ్ల వారంటీ అని ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో, మోటారుకు మాత్రమే అని ఉంటుంది. మొత్తం మెషిన్‌కు మాది రెండేళ్లే. నిజానికి ఇప్పటి ఇన్వర్టర్ మోటార్లు అంత తేలిగ్గా పోవు. పోయేవి బేరింగ్, సీల్, డ్రైన్ పంపు, మెషిన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పీసీబీ బోర్డు, డోరు చుట్టూ ఉండే రబ్బరు. పదేళ్ల స్టిక్కర్ వీటిలో ఒక్కదానికీ పనికిరాదు. అందుకే నన్నడిగితే మోటారు వారంటీ చూసి మెషిన్ ఎంచుకోవద్దు. టబ్ బోల్టులతో బిగించిందా, అతికించిందా అన్నది అడగండి. షోరూమ్‌లో చెప్పలేరు. మీ వీధిలో వాషింగ్ మెషిన్లు రిపేరు చేసే మెకానిక్‌ను పట్టుకోండి. ఏ మోడల్ విప్పడానికి వస్తుందో, ఏ కంపెనీ స్పేర్ పార్టులు దొరుకుతాయో అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు.

కొలతల దగ్గర మాత్రం మొహమాటపడొద్దు. షోరూమ్‌కు టేపు తీసుకెళ్లి, డోరు ఉబ్బు నుంచి వెనక పైపు మూతి దాకా మీరే కొలవండి. డోరు పూర్తిగా తెరిచి, బట్టలు తీసేందుకు మనిషి వంగే చోటు కూడా చూసుకోండి. ఫ్రంట్ లోడ్ వెడల్పు దాదాపు అన్నిటికీ 60 సెంటీమీటర్లే, కేజీలు పెరిగేకొద్దీ పెరిగేది లోతు. ఇరుకు చోట్లో ఆరు, ఏడు కేజీలది తీసుకుని వెనక ఊపిరాడేంత ఖాళీ వదలడమే మేలు. టాప్ లోడ్ అయితే లోతు సమస్య తగ్గుతుంది కానీ మూత పైకి లేవాలి. పైన అల్మారాయో, ట్యాపో అడ్డం వస్తుందేమో చూడండి. సెమీ ఆటోమేటిక్ అడ్డంగా ఎక్కువ చోటు తింటుంది. నేలకు వాటం ఉంటే స్టాండ్ జోలికి పోకుండా, తాపీమేస్త్రీని పిలిచి మెషిన్ పెట్టే చోట చిన్న గట్టు కట్టించి రసమట్టం పెట్టి చూడమనండి. నీళ్లు వేడి చేసే మెషిన్‌కు ఎర్తింగ్ ఉన్న 16 యాంపియర్ల సాకెట్ ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టడం ప్రమాదం.

ఇన్‌స్టాలేషన్ రోజున వెనక ఉండే ట్రాన్సిట్ బోల్టులు (రవాణాలో డ్రమ్ము కదలకుండా బిగించేవి) తీశారో లేదో దగ్గరుండి చూడండి. అవి తీయకుండా నడిపితే మెషిన్ గంతులేస్తుంది, లోపల దెబ్బతింటుంది. తీసినవి పారేయకండి, ఇల్లు మారేటప్పుడు కావాలి. అమర్చాక నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి పెట్టుకోండి.

ఇప్పటికే మెషిన్ ఉన్నవాళ్లు వారంటీ అయిపోకముందే ఒక పని చేయండి. డోరు తెరిచి డ్రమ్ పై అంచు పట్టుకుని పైకి ఎత్తినట్టు కదపండి. లోపలి డ్రమ్, బయటి టబ్ కలిసి ఊగితే ఫర్వాలేదు, స్ప్రింగుల మీద వేలాడతాయి కాబట్టి ఊగుతాయి. డ్రమ్ ఒక్కటే టకటకమని ఆడితే బేరింగ్ మీద అనుమానపడి వెంటనే కంప్లయింట్ పెట్టండి.

మా సంగతికొస్తే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టి, దానికి స్టాండ్ బిల్లు, మాన్యువల్‌లో ఆ పేజీ, జాబ్ షీట్ మూడూ జత చేశాం. అంతదాకా పలకని కంపెనీ అప్పుడు దిగొచ్చి టబ్ ఉచితంగా మార్చింది. స్టాండ్ డబ్బు ఇవ్వలేదు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, లాయర్ అక్కర్లేదు, 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు. సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి. టెక్నీషియన్ నోటితో "వారంటీ లేదు" అంటే వదిలేయకండి, కారణం ఏమిటో జాబ్ షీట్ మీద రాసి సంతకం పెట్టమనండి. మా కేసు నిలబడింది ఆ కాగితం వల్లే.