గ్రీన్ క్లైమేట్ ఫండ్ సరళీకృత ఆమోద విధానం: పేరులో ఉన్నంత సులువు లేదు

గ్రీన్ క్లైమేట్ ఫండ్ అంటే వర్ధమాన దేశాల్లో వాతావరణ మార్పును ఎదుర్కొనే పనులకు డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి. దక్షిణ కొరియాలోని ఇంచియాన్ నుంచి నడిచే ఈ ఫండ్‌లో చిన్న ప్రాజెక్టులకు వేసిన దారే సరళీకృత ఆమోద విధానం. ఒక్కో ప్రాజెక్టుకు మొదట కోటి డాలర్ల వరకే ఇచ్చేవారు, 2022లో రెండున్నర కోట్లకు పెంచారు. మంచి మార్పు. అయితే పర్యావరణానికి, జనానికి ముప్పు దాదాపు లేని పనులకే అవకాశం. ఊళ్లు ఖాళీ చేయించే ఆనకట్టలాంటివి మొదట్లోనే పక్కకు పోతాయి.

అసలు లోటు వేరే ఉంది. స్థానిక సంఘం నేరుగా దరఖాస్తు చేసుకునే వీలు సాధారణంగా లేదు. ఫండ్ గుర్తింపు ఉన్న సంస్థ ముందుకు రావాలి, ప్రభుత్వం అభ్యంతరం లేదని లేఖ ఇవ్వాలి. ఎవరికోసమైతే ఈ డబ్బో వాళ్లే గుమ్మం బయట నిలబడటం అన్యాయం.

ప్రతిపాదనలు ఎక్కువగా దెబ్బతినేది వాతావరణ ఆధారం దగ్గర, అంటే ఈ పని వాతావరణ మార్పు వల్లే అవసరమైందని చూపడం దగ్గర. "చెరువు పూడిక తీస్తాం" అని మాత్రమే రాస్తే మామూలు అభివృద్ధి పనిగా చూస్తారు. దీర్ఘకాలపు వర్షపాతం లెక్కలు పెట్టి, కరువు ఎలా ముదిరిందో, పూడిక తీస్తే ఏ పంటకు ఎన్ని తడులు అదనంగా దక్కుతాయో ముడిపెట్టి చూపాలి. తూము మరమ్మతు ఖర్చు ప్రాజెక్టు ముగిశాక ఎవరు భరిస్తారో కూడా రాయాలి.

బోర్డు ఆమోదించగానే డబ్బు రాదు. ఒప్పందం కుదరాలి, షరతులు తీరాలి. విత్తనాల సీజన్‌ను బోర్డు ఆమోదం తేదీకి కట్టేయకండి.