పేస్‌మేకర్ ఉన్నవారు అసెంబుల్డ్ ఆంప్లిఫైయర్ కొనేముందు ఎర్తు వైరు చూసుకోండి

పేస్‌మేకర్ పెట్టించుకున్న తరువాత కూడా ఆంప్లిఫైయర్లు, స్పీకర్లు విప్పి బిగించే అలవాటు మానుకోలేని నాబోటివారి కోసం ఇది రాస్తున్నాను. వరంగల్‌లోని ఒక దుకాణంలో 14,500 రూపాయలకు చేయించుకున్న ఆంప్లిఫైయర్ వల్ల గత ఏప్రిల్‌లో నా ప్రాణం మీదికి వచ్చింది. అదే దుకాణంలోనో, అలాంటి మరో చోటనో మీరు కూడా కొని ఉండవచ్చు.

నాకు 2019లో పూర్తి హార్ట్ బ్లాక్ అని తేలింది. గుండె పై గదుల్లో పుట్టే విద్యుత్ సంకేతం కింది గదులకు చేరకపోవడంతో ఎడమ ఛాతీ పైభాగంలో, చర్మం కింద పేస్‌మేకర్ అమర్చారు. గుండె తనంతట తాను కొట్టుకుంటున్నదా లేదా అన్నది ఈ పరికరం కొద్ది మిల్లీవోల్టుల సంకేతాన్ని బట్టి గుర్తిస్తుంది; కొట్టుకుంటే ఊరుకుంటుంది, లేకుంటే తాను ప్రేరణ ఇస్తుంది. బయటి కరెంటు ఛాతీ గుండా పారినప్పుడు సెకనుకు 50 ఆవృత్తుల ఆ అలజడినే గుండె స్పందనగా పొరబడి, ప్రేరణ ఇవ్వవలసిన సమయంలో అది ఊరుకునే ప్రమాదం ఉంది.

నాకు జరిగింది సరిగ్గా అదే. సెట్‌టాప్ బాక్సు నుంచి వచ్చే ఆడియో వైరును గుచ్చబోతూ, ఎడమ చేత్తో ఆంప్లిఫైయర్ ఇనుప డబ్బాను, కుడి చేత్తో ఆ వైరు కొసన ఉన్న లోహపు పిన్నును పట్టుకున్నాను. చేతులు జివ్వుమన్నాయి, మరుక్షణం కళ్లు బైర్లు కమ్మి కూలబడ్డాను. చేతులు వదులు కావడంతో బతికిపోయాను. మరునాడు హనుమకొండలో డాక్టరుగారు పరికరాన్ని పరీక్షించగా, అదే తేదీన, అదే సమయానికి బయటి అలజడి నమోదై, కొన్ని సెకన్ల పాటు ప్రేరణ ఆగినట్టు కనిపించింది.

ఇంటికి వచ్చి డబ్బా విప్పి చూశాను. ప్లగ్గుకు మూడు పిన్నులున్నాయి గానీ, లోపల ఎర్తు వైరును రెండంగుళాల దగ్గర కత్తిరించి, కొసకు నల్లటి స్లీవు తొడిగారు. దుకాణానికి వెళ్లి అడిగితే, “హమ్ రావద్దంటే ఎర్తు తీసెయ్యాలె సార్, అందరికి ఇట్లనే ఇస్తున్నం” అన్నారు. హమ్ అంటే స్పీకర్లలో వినిపించే గుయ్‌మనే శబ్దం. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి డబ్బాకు చేరే కొద్దిపాటి లీకేజీకి భూమిలోకి పోయే దారి మూసేస్తే, అది పట్టుకున్న మనిషి ఒంట్లోంచే దారి వెతుక్కుంటుంది.

హమ్ సమస్య నిజమే, కాదనను. రెండు పరికరాలు వేర్వేరు చోట్ల ఎర్తుకు తగిలి, మధ్యలో ఆడియో వైరు కవచం వాటిని కలిపినప్పుడు ఏర్పడే వలయం వల్ల ఆ గుయ్‌మనే శబ్దం వస్తుంది. దానికి సరైన మందు డబ్బాను ఎప్పుడూ ఎర్తుకే గట్టిగా బిగించి ఉంచి, లోపలి సిగ్నల్ గ్రౌండును (ఆడియో సంకేతం తిరిగి వెళ్లే దారిని) మాత్రం 10 ఓముల రెసిస్టరు, దానికి సమాంతరంగా ఎదురెదురుగా పెట్టిన రెండు డయోడ్ల ద్వారా డబ్బాకు కలపడం. లేదా ఆడియో దారిలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. ఇది పెద్ద ఖర్చేమీ కాదు, అందుకే నాకు ఇంత బాధ.

కాబట్టి డబ్బు చెల్లించేముందు ప్లగ్గు తీసి ఉంచి, మల్టీమీటరుతో ఎర్తు పిన్నుకూ డబ్బా మీద రంగు లేని లోహానికీ మధ్య నిరోధం చూడండి. ఒక ఓముకు మించకూడదు. టెస్టరు వెలగడం ఒక్కటే చూసి తేల్చుకోకండి. మీ ఇంటి ఎర్తు గుంత కూడా చూసుకోవాలి, ఎందుకంటే మన దగ్గర ఏప్రిల్, మే ఎండలకు ఉప్పూ బొగ్గూ ఎండిపోయి ఎర్తు పేరుకే మిగులుతుంది. నీళ్లు పోస్తూ ఉండండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ (లీకేజీని పసిగట్టి కరెంటు ఆపేసే స్విచ్చు) తప్పక ఉండాలి, కానీ దాన్ని పడగొట్టలేనంత చిన్న లీకేజీ కూడా పేస్‌మేకర్‌ను తికమక పెట్టగలదు. స్పీకరు అయస్కాంతాలను ఛాతీకి ఆనించి మోయకండి, కనీసం 15 సెంటీమీటర్ల దూరం పాటించండి.

దుకాణంవారు వైరు తిరిగి అతుకుతామన్నారే గాని డబ్బు ఇవ్వలేదు. బిల్లు లేదు, చీటీ మాత్రమే ఉంది. అందుకే దాన్నీ, తెగిన వైరు ఫోటోలనూ, పేస్‌మేకర్ రిపోర్టునూ జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు లేదు, గడువు 2 సంవత్సరాలు. ఆ ఆంప్లిఫైయర్‌ను ఎవరికీ అమ్మలేదు, సాక్ష్యంగా కత్తిరించిన వైరుతోనే ఇంట్లో ఉంచాను.